మూడేళ్ల కిందటి నీళ్లు

మా ఊరు పుయెర్తో మాన్సోలో పొద్దున్నే ఆడవాళ్లు చేసే మొదటి పని మగ్దలేనా నది నుంచి నీళ్లు తెచ్చి బానలో పోయడం. నీళ్లు చిక్కటి పాలు పోసిన కాఫీ రంగులో ఉంటాయి. పటిక ముక్క తీసుకుని బాన లోపల నాలుగు చుట్లు తిప్పి, మూత పెట్టి, పొయ్యి రాజేస్తారు. కాఫీ కాగేలోపు ఒండ్రు అడుగుకి దిగుతుంది, పైన నీళ్లు తేరుకుంటాయి. తేరుకునేటప్పుడే మాటలు వినిపిస్తాయి.

ఎగువన ఎవరైనా మోకాలిలోతు నీళ్లలో నిలబడి ఏమైనా అంటే, ఆ మాట ఒండ్రుతో పాటు కొట్టుకొచ్చి, దిగువన ఏదో ఒక బానలో విడిపోయి పైకి వస్తుంది. గట్టు మీద నిలబడి అన్నది రాదు. పడవలో కూర్చుని అన్నదీ రాదు. కాళ్లు తడవాలి. ఇది చంటిపిల్లలకి కూడా తెలిసిన సంగతి కాబట్టి, ఎగువ ఊళ్ల మొగుడూ పెళ్లాలు తిట్టుకోవాలనుకుంటే గట్టెక్కి మరీ తిట్టుకుంటారు.

ఏ నీళ్లకి ఆ గొంతు ఉంటుంది. కొండ వాగుల నీళ్లయితే కంచరగాడిదల వాళ్ల అదిలింపులు, బట్టలుతికే ఆడవాళ్ల పాటలు. నూనె శుద్ధి చేసే ఊరి నీళ్లయితే పైన రంగురంగుల తెట్టు కట్టి, మాట ముక్కు మూసుకుని మాట్లాడినట్టు వస్తుంది. రాజధాని మురుగంతా మోసుకొచ్చే ఉపనది జోరుగా ఉన్న వారం బానలో నురగే తప్ప మాట ఉండదు.

"అంత పెద్ద పట్నం, అన్ని లక్షల మంది. ఒక్కడైనా కాళ్లు తడుపుకోడా?" అని పక్కింటి ఒబ్దూలియా విసుక్కుంటుంది.

"ఆ నీళ్లలో తడిపితే మళ్లీ కాళ్లు కాళ్లలా ఉండాలి కదా వదినా," అంటుంది దెల్ఫీనా.

దెల్ఫీనాకి యాభై రెండేళ్లు. రేవు మెట్ల పక్కన రేకుల పంచ కింద చేపలు వేయించి అమ్ముతుంది. బోకాచీకో అనే చేప మా నదికి ప్రాణం. చిన్న నోటితో బురద మేసి బతుకుతుంది. దాన్ని రెండు వైపులా సన్నగా గాట్లు పెట్టి, ఉప్పూ నిమ్మకాయా పట్టించి, ఎముక కూడా కరకరలాడేలా వేయించడం దెల్ఫీనాకే చెల్లు. ఈ మధ్య ఆమె చేతులు కొంచెం వణుకుతున్నాయి. ఉప్పు చల్లితే సగం చేప మీద, సగం నేల మీద. "ఊరి రేవంతా ఉప్పు చేసేట్టున్నావు, ఇంక సముద్రం దాకా పోనక్కర్లేదు మనం," అని పడవల వాళ్లు ఆట పట్టిస్తారు. ఆమె నవ్వేసి చేతులు గౌను మడతల్లో దాచుకుంటుంది.

తెల్లారకముందే ఆమె నదిలో మోకాలిలోతుకి దిగి చేపలు తోముతుంది. తోముతూ మాట్లాడుతుంది. ఎవరితో అంటే మొగుడితో. మొగుడు ఎవారిస్తో ఏడేళ్ల కిందట ఎగువకి, బంగారం తవ్వే వాగుల వైపు వెళ్లిపోయాడు.

పోట్లాడి వెళ్లలేదు. ఆ ఏడు చేపల ఎదురెక్కుడు సరిగా రాలేదు. జనవరిలో నది తగ్గగానే మడుగుల్లో బలిసిన చేపలు గుంపులు గుంపులుగా బయటికొచ్చి ఏటికి ఎదురెక్కాలి. ఆ రెండు నెలల సంపాదనతోనే ఏడాదంతా గడవాలి. ఎవారిస్తో ఊళ్లో కల్లా మంచి విసురువల మనిషి. అతను వల విసిరితే ఆకాశంలో గుండ్రంగా విచ్చుకుని నీళ్ల మీద చప్పుడు లేకుండా పడేది. అట్లాంటివాడు మూడు వారాలు విసిరి విసిరి, వలలో ప్లాస్టిక్ సీసాలూ ఒక చెప్పూ తీసుకొచ్చి, "వచ్చే ఎదురెక్కుడుకి వచ్చేస్తా, ఒక్క ఏడాదే," అని నీలం చొక్కా వేసుకుని పడవెక్కాడు.

మొదటి నాలుగేళ్లూ ప్రతి ఆదివారం పొద్దున అక్కడ వాగులోకి దిగి మాట్లాడేవాడు. ఎండాకాలంలో ఆ మాట రావడానికి ఆరు రోజులు పట్టేది, వానాకాలంలో మూడు. దెల్ఫీనా నది మట్టం చూసి రోజులు లెక్కకట్టి బాన నింపుకునేది. ఆ మాటల్లో పెద్ద విశేషాలేమీ ఉండేవి కావు. "ఇక్కడ వాన. అన్నంలో రాళ్లు. నీలం చొక్కా రెండో గుండీ ఊడింది, కుట్టడం నాకు చేతకాదు, అట్లాగే తిరుగుతున్నా. నుబియా బళ్లోకి పోతోందా? వచ్చే ఎదురెక్కుడుకి తప్పకుండా..." అంతే. ఆమెకి అంతే చాలు. ఆ రోజంతా చేపలు బాగా వేగేవి.

నది కిందికే పారుతుంది కాబట్టి జవాబు చెప్పే దారి లేదు. పైకి పోయేవి చేపలొక్కటే, వాటికి మాటలు రావు. అయినా దెల్ఫీనా చేపలు తోముతూ జవాబు చెప్పేది. చెప్పకుండా ఎట్లా ఉంటుంది?

మూడేళ్ల కిందట అక్టోబరులో పెద్ద వరద వచ్చింది. ఊరు ఊరంతా చర్చి దిబ్బ ఎక్కి ఇరవై రోజులు ప్రభుత్వం వాళ్లు పంచిన నీళ్ల మీద బతికింది. బానలన్నీ మునిగిపోయాయి, ఆ ఇరవై రోజులు నది ఏం మాట్లాడిందో ఎవరూ వినలేదు. వరద తీశాక దెల్ఫీనా ఇల్లు కడిగి, బాన తోమి, ఆదివారాలు లెక్కేసుకుని నింపింది. ఎవారిస్తో గొంతు లేదు. తర్వాతి ఆదివారం మాటా లేదు. ఆ తర్వాత ఇక రానే లేదు.

"ఇంకో ఆడదాన్ని చూసుకుని ఉంటాడు," అన్నారు కొందరు. "పోయి ఉంటాడు పాపం," అన్నారు ఇంకొందరు. దెల్ఫీనా ఈ రెండు మాటలూ వింది, రెండింటికీ తల ఊపింది. అప్పటిదాకా రోజుకి ఒక్కసారి నింపే బానని రోజుకి మూడు సార్లు నింపడం మొదలుపెట్టింది. ఏ పూట వస్తాడో ఎవరికి తెలుసు?

ఇప్పుడు కూతురు నుబియాకి ఐదో నెల. అల్లుడు ఇసుక పడవల మీద పని చేస్తూ నెలకోసారి వస్తాడు కాబట్టి నుబియా తల్లి దగ్గరే ఉంటోంది. మా వైపు కడుపుతో ఉన్న పిల్లకి ఐదో నెల పడగానే రోజూ పొద్దున బాన నీళ్లు ఏడు గుక్కలు తాగిస్తారు. పుట్టబోయే బిడ్డకి ఎగువనున్న మనవాళ్ల గొంతులు తెలియాలని. దెల్ఫీనా ఒక్క రోజు కూడా తప్పనివ్వలేదు.

ఆరోగ్య కేంద్రం నర్సు రోస్మీరా రెండేళ్లుగా ఇల్లిల్లూ తిరిగి చెబుతూనే ఉంది, నది నీళ్లు తాగొద్దు, పెద్ద చేపలు తినొద్దు, వాన నీళ్లు పట్టుకోండి అని. ఆమె కొండల అవతల నుంచి వచ్చిన మనిషి. మా వాళ్లు ఆమెకి కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, ఆ కాఫీ ఏ నీళ్లతో పెట్టారో చెప్పకుండా సాగనంపేవారు.

"మా తాత తొంభై ఏళ్లు బతికాడు నర్సమ్మా, ఈ నీళ్లే తాగి," అంది ఒకసారి ఒబ్దూలియా.

"మీ తాత రోజుల్లో పైన ఇన్ని బంగారం గనులు లేవండీ."

"వాన నీళ్లు మూగవి. తాగితే పిల్లలు మూగవాళ్లు పుడతారు."

రోస్మీరా కాఫీ తాగకుండానే వెళ్లిపోయింది. నవ్వుకున్నాం. మాకప్పుడు అదే తెలివి అనిపించింది.

నుబియాకి మాత్రం మనసులో గుచ్చుకుంటూనే ఉండేది. ఒక పొద్దున గ్లాసు పట్టుకుని నిలబడి, "అమ్మా, ఇందులో నాన్న లేడు. ఎవడో గాడిదని తిడుతున్నాడు. నా బిడ్డకి ఈ తిట్లు ఎందుకు?" అంది.

"రేపు ఉంటాడేమో. తాగు తల్లీ."

"మూడేళ్లుగా రేపే అంటున్నావు. రాని మనిషి కోసం నా చేత తాగిస్తున్నావు."

"నా కోసం తాగు పోనీ."

నుబియా తాగింది. తల్లి మొహం చూసి తాగింది.

ఊరి చివర, నది మలుపు తిరిగే చోట, అన్నిటికంటే దిగువనున్న ఇల్లు కస్తోదియోది. వలలు అల్లుతాడు, పడవలకి తారు పూస్తాడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదో దెల్ఫీనాకి తప్ప ఊరందరికీ తెలుసు. ఆమె మోకాళ్లు నొప్పిగా ఉన్న రోజు ఏదో ఆకు నూరిన పసరు సీసా పట్టుకుని వచ్చేవాడు. నిమ్మకాయలు అయిపోయిన రోజు నిమ్మకాయలు తెచ్చేవాడు. "నీకెట్లా తెలుస్తుందయ్యా?" అని ఆమె అడిగితే, "ఊరికే తోచింది," అని టోపీ సర్దుకునేవాడు.

జనవరి చివర్లో ఒక మధ్యాహ్నం అతను పంచ కింద కూర్చుని, వేయించిన చేపలో ముళ్లు తీస్తూ అన్నాడు:

"దెల్ఫీనా, ఎవారిస్తో ఆఖరి మాట ఎక్కడుందో నాకు తెలుసనుకుంటున్నా."

ఆమె చేతిలో అట్లకాడ ఆగిపోయింది.

"వరదప్పుడు నది పొంగి ఎక్కడికి పోయింది? మన మడుగులోకి. ఎప్పుడైనా వరద తీశాక మడుగు ఆ నీళ్లని నదికి తిరిగి ఇచ్చేస్తుంది. ఆ ఏడు ఇవ్వలేదు. ఆ గేదెలాయన మడుగు మూతికి అడ్డంగా కట్ట పోశాడుగా. ఆ ఇరవై రోజుల నీళ్లు అందులోనే ఉన్నాయి. మాట అందులోనే ఉండాలి."

గేదెలాయన అంటే కట్ట అవతల రెండు వేల ఎకరాల ఆసామి. పట్నంలో ఉంటాడు. మడుగుని కొంచెం కొంచెంగా ఎండబెట్టి గేదెల మేతకి గడ్డి పెంచుతున్నాడు. కట్ట వల్ల చేపలు నదిలోకి రాలేక, నదిలో చేప లోపలికి పోయి బలవలేక, మూడు ఎదురెక్కుళ్లు వట్టిపోయాయి. మా వాళ్లు అర్జీలు పెట్టారు. అర్జీ అందింది అని జవాబొచ్చింది. మూడేళ్లలో అందినట్టు మూడు సార్లు వచ్చింది.

"నేనూ అనుకున్నా ఆ మాట," అంది దెల్ఫీనా. "ఆయన కాపలా కుక్కల కన్నుగప్పి ఒకసారి కడవెడు తెచ్చుకున్నా. రెండు వారాలు బానలో పెట్టి కూర్చున్నా. పచ్చగా నాచు పట్టింది తప్ప కిక్కురుమనలేదు."

"పారని నీళ్లు ఎట్లా మాట్లాడతాయి?" అన్నాడు కస్తోదియో. "పారాలి. నదిలో కలవాలి."

"కట్ట తెగాలి అంటావు."

"నీ కోసం అనట్లేదు," అన్నాడు అతను, గబగబా. "చేపల కోసం. కుర్రాళ్లందరూ ఎప్పటి నుంచో అంటున్నారు."

అబద్ధం ఆడితే అతని చెవులు ఎర్రబడతాయి. ఆ మధ్యాహ్నం బాగా ఎర్రబడ్డాయి. దెల్ఫీనా చూడలేదు, ఆమె అప్పటికే ఎగువకేసి చూస్తోంది.

ఫిబ్రవరి రెండున కొవ్వొత్తుల మాత పండుగ. గేదెలాయన పనివాళ్లందరూ కొత్త చొక్కాలు వేసుకుని ఊరేగింపుకి ఊళ్లోకి వచ్చారు. చర్చి ఫాదరు ప్రసంగం మామూలుగానే గంటన్నర సాగుతుంది. చర్చిలో మా మగవాళ్లు అంత తక్కువగా ఉండటం ఆయన గమనించే ఉంటాడు, అయినా ఆ రోజు ఇంకో అరగంట పొడిగించాడు. ఆయనకీ చేపంటే ఇష్టమే.

పారలతో వెళ్లిన పద్నాలుగు మందిలో కస్తోదియో ముందున్నాడు. కట్ట మధ్యలో మూరెడు వెడల్పున గండి కొట్టారు. తర్వాత పారలు అక్కర్లేకపోయింది, మూడేళ్లుగా ఆనుకుని కూర్చున్న నీళ్లు తమ పని తాము చూసుకున్నాయి. మట్టి పెళ్లలు పెళ్లలుగా విరిగి, మూరెడు గండి ముప్పై గజాలైంది. చేపలు ముందు ఆగి ఆగి, తర్వాత ఒక్కసారిగా బయటపడ్డాయి. వెండి రంగు తళతళల్లో నీళ్లు కనపడలేదు. ముసలివాళ్లు కూడా గట్టు మీద చిన్నపిల్లల్లా గెంతారు. తర్వాత విచారణకొచ్చిన అధికారి కట్ట ఎవరు తెంచారని అడిగితే ఊరందరం నది అని చెప్పాం. అందులో అబద్ధమేమీ లేదు, ఆ మూరెడు తప్ప.

దెల్ఫీనా గట్టు మీదికి రాలేదు. రేవు దగ్గర కడవ పట్టుకుని నిలబడింది. చుట్టూ అందరూ వలలు విసురుతుంటే ఆమె మాత్రం నీళ్ల రంగు చూస్తోంది. కాఫీ రంగు నీళ్లలోకి టీ రంగు నీళ్లు చారలుగా దిగాయి. ఆ చార తన దగ్గరికి వచ్చేదాకా ఆగి, కడవ ముంచింది. ఇంటికొచ్చి బానలో పోసింది. పటిక వేయలేదు. పటిక వేస్తే ఒండ్రు తొందరగా దిగుతుంది గానీ మాటలన్నీ ఒకదాని మీద ఒకటి పడి గందరగోళం అవుతాయి. ఆమె బాన పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

మధ్యాహ్నమంతా మూడేళ్ల కిందటి జనం మాట్లాడారు. ఒక పెళ్లికూతురు ఏడ్చింది. ఒకడు తప్పిపోయిన పందిని పేరు పెట్టి పిలిచాడు. వరదలో కొట్టుకుపోతున్న మంచాన్ని పట్టుకోమని ఒకావిడ అరిచింది. ఎవరో పిల్లలు ఒకటి నుంచి వంద దాకా లెక్కపెట్టారు, యాభై దగ్గర ఒకడు తప్పాడు. ఎండ పంచ దాటి గడప మీదికి వచ్చింది. నుబియా గ్లాసు పట్టుకుని వచ్చింది. పండుగ హడావిడిలో పొద్దుటి ఏడు గుక్కలు తాగలేదు.

"ఈ నీళ్లే తాగు," అంది దెల్ఫీనా. కళ్లు మెరుస్తున్నాయి. "ఇందులో మీ నాన్న ఉన్నాడు. ఈ రోజైనా బిడ్డకి వాళ్ల తాత గొంతు తెలుస్తుంది."

నుబియా గ్లాసు ముంచింది. పెదాల దాకా తెచ్చింది. అప్పుడు బాన పలికింది.

"దెల్ఫీనా, నేను. ఇవాళ ఆదివారం కాదు, బుధవారం. ఆదివారం దాకా ఆగలేక దిగాను."

గొంతు ఎట్లా ఉందంటే, గుక్కెడు తాగి మాట్లాడినట్టు, నాలుక బరువెక్కినట్టు ఉంది. కానీ అతనే. దెల్ఫీనా బాన అంచుని రెండు చేతులతో పట్టుకుంది.

"ఇక్కడ నా పనేంటో నీకెప్పుడూ చెప్పలేదు. బంగారం ఉన్న మట్టిలో పాదరసం పోసి చేతులతో పిసుకుతాను. మిగిలిన మట్టి నీళ్లు వాగులోకి వదిలేస్తాం. రోజూ వదిలేస్తాం. నీతో మాట్లాడే నీళ్లలోకే నాలుగేళ్లుగా వదిలేస్తున్నా. నేనొక్కణ్ణే కాదు, ఇక్కడ ఐదు వందల మందిమి ఉన్నాం. తెలియక చేశానని చెప్పుకోలేను. మొదటి ఏడు తెలియదు. తర్వాత తెలుసు.

"నా వేళ్లు నా మాట వినట్లేదు. నిన్న చెంచా పట్టుకోలేకపోయా. ఇక్కడ మాకు వండిపెట్టే పిల్లకి బిడ్డ పుట్టింది. నాలుగు నెలలైంది, మెడ నిలపదు, పిలిస్తే చూడదు. ఆ పిల్ల కడుపుతో ఉన్నప్పుడు ఈ వాగు నీళ్లే తాగింది, ఈ వాగు చేపే తింది. డాక్టరు ఆ మాటే చెప్పాడు.

"నువ్వు నా గొంతు కోసం బాన నింపుతావు. విన్నాక పారబోయవు, తాగుతావు. ఏదీ పారబోసే మనిషివి కాదు నువ్వు. అందుకని నేనింక నీళ్లలోకి దిగను. చెప్పడానికేమీ లేక కాదు. నా గొంతు రాకపోతే నువ్వు బాన నింపడం మానేస్తావు. నాకు తోచిన దారి అదొక్కటే.

"నుబియాకి ఈ నీళ్లు పట్టకు. చారల వాలుగ పెట్టకు, అది చేపల్ని తిన్న చేప, దాన్లో అంతా పోగవుతుందట. వాన నీళ్లు పట్టుకోండి. నా గురించి... గుండీ ఇంకా అట్లాగే ఉంది దెల్ఫీనా."

ఒండ్రు అడుగుకి చేరింది. నీళ్లు తేటగా, చాలా తేటగా ఉన్నాయి. బాన అడుగున పగులు కూడా కనిపిస్తోంది.

నుబియా గ్లాసు ఇంకా పెదాల దగ్గరే ఉంది. దెల్ఫీనా లేచి, వణికే చేతులతో దాన్ని లాక్కుంది. సగం ఇద్దరి మీదా ఒలికింది. మిగతా సగం వాకిట్లో పోసింది. తర్వాత బానని ఒక్కతే పక్కకి వంచింది. మామూలుగా ఇద్దరు మగవాళ్లు కావాలి దానికి. మూడేళ్లుగా ఎదురుచూసిన నీళ్లు గడప దాటి, కోళ్ల కాళ్ల మధ్య నుంచి వీధిలోకి పోయాయి.

"నేను మానలేదు నుబియా," అంది తల్లి, తడిసిన నేల మీద కూర్చుని. "మానేస్తాననుకుని నోరు మూసుకున్నాడు. నేను మూడు పూటలా నింపాను. నీ చేత తాగించాను. ఎంత తాగించాను తల్లీ?"

"ఇరవై రోజులు," అంది నుబియా. "రోజూ ఏడు గుక్కలు కాదులే. నువ్వు అటు తిరగ్గానే నేను నాలుగు ఉమ్మేసేదాన్ని."

దెల్ఫీనా కూతురి మొహంలోకి చూసింది. ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వింది. "దొంగముండా," అని దగ్గరికి లాక్కుంది.

సాయంత్రానికల్లా ఎవారిస్తో మాట ఊరంతా పాకింది. నర్సు రెండేళ్లు చెప్పినా వినని వాళ్లు బాన చెప్పిందని విన్నారు. రోస్మీరాకి కోపం రాలేదు. మర్నాడు ఒబ్దూలియా ఇంటి చూరుకి రేకు తొట్టి కట్టడంలో ఆమే నిచ్చెన పట్టుకుంది. "ఇప్పుడు మూగ పిల్లలు పుడతారేమో వదినా," అని ఎవరో అంటే, "పుట్టనీ, నా చెవులకి విశ్రాంతి," అంది ఒబ్దూలియా. నుబియావీ దెల్ఫీనావీ వెంట్రుకలు కత్తిరించి రోస్మీరా పట్నానికి పరీక్షకి పంపింది. నుబియా ఒంట్లో చేరిన పాదరసం కొంచెమేననీ, ఇప్పుడే మానేయడం మేలైందనీ ఆరు వారాలకి జవాబు వచ్చింది. దెల్ఫీనా వెంట్రుకల మీద వచ్చిన జవాబుని మాత్రం రోస్మీరా మడిచి జేబులో పెట్టుకుంది, ఆమెతో తర్వాత విడిగా మాట్లాడింది.

అది తర్వాతి సంగతి. ఆ సాయంత్రం దెల్ఫీనా రేవు వెంబడి దిగువకి నడుచుకుంటూ కస్తోదియో ఇంటికి వెళ్లింది. ఎన్నడూ వెళ్లలేదు. అతను పండుగ చొక్కా నిండా బురదతో గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"నీ బాన కూడా వంపేయాలి," అంది.

"విన్నాను. ఒబ్దూలియా అరుస్తుంటే ఇక్కడి దాకా వినిపించింది." కదలలేదు. "దొరికింది కదా నీకు. ఆఖరి మాట."

"దొరికింది. లే, వంపుదాం. ఆ చివర నువ్వు పట్టుకో."

అతను లేవకుండా నేల చూస్తూ కూర్చున్నాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

"ఇది వంపేస్తే నాకు నిమ్మకాయలు ఎప్పుడు అయిపోయాయో తెలియదు," అన్నాడు.

దెల్ఫీనాకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. తర్వాత తన రేవుకేసి చూసింది. అక్కడి నుంచి నీళ్లు నేరుగా ఇక్కడికే వచ్చి, ఈ మలుపులో సుడి తిరిగి పోతున్నాయి. మోకాలిలోతు నీళ్లలో నిలబడి మొగుడికి చెప్పుకున్న ప్రతి మాటా, మోకాళ్ల నొప్పులూ, ఏడుపులూ, పడుకోబోయే ముందు పక్కనున్న ఖాళీ తలగడ వైపు చూడలేనని ఒకసారి అన్న మాటా, అన్నీ ఏడేళ్లుగా ఈ బానలోనే తేరుకున్నాయి. ఎగువ నుంచి ఏమొస్తుందా అని చూడటమే గానీ, తన తర్వాత నదికి ఇంకో రేవు ఉందని ఆమెకి ఎన్నడూ తట్టలేదు. ఊళ్లో ఎవరికి తడుతుంది?

"అన్నీ విన్నావా?"

"అన్నీ."

"అన్నీ వినీ కట్ట తెంచావా?"

"అన్నీ విన్నాను కాబట్టే తెంచాను. రోజూ ఒక్కటే అడుగుతున్నావు, ఆఖర్న ఏమన్నాడో తెలిస్తే చాలని." చొక్కా మీది బురద గోటితో గీకాడు. "నీకు తెలిస్తే ఇటు చూస్తావేమోనని కూడా అనుకున్నాను. అబద్ధం ఎందుకు."

దెల్ఫీనా బాన అంచు పట్టుకుంది. అతను లేచి రెండో వైపు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి వంపారు. నీళ్లలో ఆమె గొంతే సన్నగా ఏదో అంటూ నేల మీదికి జారిపోయింది.

"నిమ్మకాయలు అయిపోతే," అంది ఆమె చేతులు తుడుచుకుంటూ, "నేనే వచ్చి చెబుతాలే."

జూన్‌లో నుబియాకి ఆడపిల్ల పుట్టింది. దెల్ఫీనా ముందు పది వేళ్లూ చూసింది, తర్వాత పేరు పెట్టి పిలిచింది. పాప మెడ తిప్పి చూసింది. ఇంకోసారి పిలిచింది, ఇంకోసారి చూసింది. ఆ రోజు పాపని అలా నలభై సార్లు పిలిచి ఉంటుంది. నుబియా విసుక్కుని, "నిద్రపోనీ అమ్మా," అంది.

ఎవారిస్తో సంగతి ఇంకేమీ తెలియలేదు. ఉన్నాడో లేడో తెలియదు. ఎగువ నుంచి వచ్చే పడవల్లో నీలం చొక్కా కనిపిస్తే దెల్ఫీనా రెండో గుండీ వైపే చూస్తుంది ఇప్పటికీ.

ఇప్పటికీ తెల్లారకముందే నదిలోకి దిగుతుంది. చేపలు మాత్రం గట్టు మీద వాన నీళ్లతో తోముతుంది. నదిలోకి ఉత్త చేతులతో దిగి, కిందనున్న ఊళ్లకి పేరు పేరునా చెబుతుంది. సముద్రం దాకా ఇంకా నలభై ఊళ్లున్నాయి, అన్నిట్లో బానలున్నాయి. "ఈ నీళ్లు తాగకండమ్మా. కడుపుతో ఉన్న పిల్లలకి అసలే పట్టకండి. చారల వాలుగ తినకండి. వాన నీళ్లు పట్టుకోండి. నా పేరు దెల్ఫీనా, పుయెర్తో మాన్సో నుంచి చెబుతున్నా." రోజూ ఇవే మాటలు. ఆ తర్వాత గొంతు తగ్గించి ఇంకొక్క మాట అంటుంది. అది ఎగువనున్న మనిషి కోసం, ఎప్పటికీ ఎగువకి చేరని మాట.

ఏడింటికి కస్తోదియో కాఫీకి వస్తాడు. ఇప్పుడు అతని బానలో వాన నీళ్లే, అవి ఏమీ చెప్పవు. "ఇవాళ నదికి ఏం చెప్పావు?" అని అడుగుతాడు. ఆమె మొదటి నుంచి అన్నీ చెబుతుంది, ఊళ్ల పేర్లతో సహా. ఆఖరి మాట ఒక్కటి మాత్రం చెప్పదు. అతనూ అడగడు, కాఫీలో బెల్లం కలుపుకుంటాడు.